కనుమదారిలో బండికి కళ్లెము

గ్రామపెద్దలారా,

గూడెం కొత్తవీధి ప్రాంతమున సంతనాటి తెల్లవారుజామున దారిప్రక్క నిలిచి చూచినవారికి జీపులు సాగివచ్చు దృశ్యము సుపరిచితమే. మంచు విడకమునుపే అవి బయలుదేరును. లోపల పదిమంది, వెనుక మెట్టుమీద నలుగురు, పైకప్పుమీద కాఫీగింజల బస్తాలు, పసుపు మూటలు, కోళ్ల గంపలు. ఇన్ని ప్రాణములను, ఇంత బరువును మోసికొని ఆ బండి చింతపల్లి మీదుగా పోయి, లంబసింగి కనుమ దిగి, డౌనూరు దాటి నర్సీపట్నము చేరవలెను. కొండ యెక్కుట యంత్రము పని; కొండ దిగుట బ్రేకు పని. యంత్రము చెడినచో బండి నిలిచిపోవును. బ్రేకు చెడినచో బండి నిలువదు. ఈ రెండింటిలో ఏది భయంకరమో వేరుగా చెప్పనక్కఱలేదు. అయినను బండి కొనువారు యంత్రమును గూర్చి పదిసార్లు అడుగుదురు గాని, బ్రేకు గొట్టములను గూర్చి యొక్కసారియైనను అడుగరు. నేనును అడుగనివారిలో ఒకడను. దాని ఫలము ననుభవించితిని గనుకనే నేడు ఈ విషయమును మీ ముందుంచుచున్నాను.

ఈ కొండలలో దారి యనునది ఊరక వచ్చినది కాదు. నర్సీపట్నమునుండి చింతపల్లికి దారి వేయించునపుడు గూడెము ఉపతహసీలుదారైన బాస్టియను గిరిజనులకు తగిన కూలి యీయకయే పని చేయించెనని చరిత్రకారులు వ్రాసియున్నారు. అల్లూరి సీతారామరాజు నాయకత్వమున 1922 ఆగస్టులో ప్రారంభమైన తిరుగుబాటునకు గల కారణములలో ఆ యన్యాయము ఒకటి. ఆ నెల 22వ తేదీన చింతపల్లి పోలీసుఠాణాపై మొదటి దాడి జరిగినది. తాతలు అంత చెమటోడ్చి వేసిన దారిలో మనుమల ప్రాణములు ఒక సన్నని గొట్టము చిట్లుటచేత పోగూడదు.

మన యొద్ద తిరుగు పాత జీపులు చాలవఱకు ఏదో యొక మార్పు పొందినవే. జీపు రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా సైన్యము కొఱకు పుట్టిన బండి. యుద్ధము ముగిసిన పిమ్మట మహీంద్రావారు దానిని మన దేశమున కూర్చి అమ్మనారంభించిరి. ఆ బండి తేలికది. కొద్దిమందిని మోయుటకు చేయబడినది. దానికి మనవారు పెద్ద డీజిలు యంత్రము బిగింతురు; వెనుకభాగమును పొడిగింతురు; వెడల్పు చక్రములు తొడుగుదురు; పైన ఇనుప చట్రము కట్టుదురు. బలము పెరిగినది, బరువు పెరిగినది, వేగము పెరిగినది. కాని ఆ బరువును ఆపవలసిన బ్రేకు మాత్రము తేలికబండి నాటిదే. కోడెదూడకు కట్టిన పలుపుతో ఆబోతును పట్టవలెనన్నట్లు!

నా జీపు అట్టిదే. పాతబండి కొని, మైదానమందలి యొక మరమ్మతు షెడ్డులో యంత్రము మార్పించితిని. ముందుచక్రములకు డ్రమ్ము బ్రేకులు తీయించి డిస్కు బ్రేకులు వేయించితిని. రంగు మెఱసినది, యంత్రము చక్కగా పలికినది. అడుగున గొట్టము లెట్లు వేసిరో నేను వంగి చూడలేదు.

ఒక శ్రావణమాసమున నలుగురు పెద్దలను ఎక్కించుకొని లంబసింగి కనుమ దిగుచుంటిని. వాన వెలిసి దారి తడిగా నున్నది. ఒక మలుపునొద్ద పెడలు త్రొక్కితిని. పాదము క్రింద ఏదో మెత్తగా జాఱినట్లయి, పెడలు నేల కంటుకొన్నది. మరల త్రొక్కితిని, లేదు. మూడవసారి త్రొక్కితిని, అందు ప్రాణమే లేదు. గేరు తగ్గించితిని, చేతిబ్రేకు లాగితిని, లోయవైపునకు పోనీయక కొండవైపు కాలువలోనికి బండిని ఒరిగించితిని. దేవుని దయవలన ఎవరి ప్రాణమును పోలేదు గాని, వెనుక కూర్చున్న యొక వృద్ధుని ముంజేయి విరిగినది. ఆయన నన్ను తిట్టలేదు. చేయి పట్టుకొని గట్టుమీద కూర్చుండి, “ఎద్దులబండికి రెండు పగ్గాలుంటాయి గదా బాబూ, నీ బండికి ఒక్కటేనా?” అని యడిగెను.

నేను నిరుత్తరుడనైతిని. ఆయన తెలిసి యడిగెనో తెలియక యడిగెనో గాని, ఆ ప్రశ్నలోనే సర్వము ఇమిడియున్నది. దానిని వివరించుటకు ముందు ఈ బ్రేకు ఎట్లు పనిచేయునో చెప్పవలెను. ఆర్టీసీ బస్సులవంటి పెద్దబండ్లు గాలి యొత్తిడితో ఆగును. నేను చెప్పునది జీపులకు, కార్లకు ఉండు నూనె బ్రేకులను గూర్చి.

మూసిన పాత్రలోని ద్రవముపై ఒకచోట ఒత్తిడి కలిగించినచో ఆ యొత్తిడి అన్నివైపులకు సమముగా ప్రాకునని పదునేడవ శతాబ్దమున పాస్కలు అను ఫ్రెంచి పండితుడు కనిపెట్టెను. బ్రేకునకు ఇదియే మూలసూత్రము. పెడలు త్రొక్కగా మాస్టరు సిలిండరు అను చిన్న గొట్టములో ఒక ముషలకము ముందునకు జరుగును. అది బ్రేకు నూనెను సన్నని లోహపు గొట్టములగుండ నాలుగు చక్రముల యొద్దకు నెట్టును. అక్కడ ఆ నూనె వేఱొక ముషలకమును త్రోసి, బ్రేకు కట్టలను డ్రమ్మునకు గాని డిస్కునకు గాని ఒత్తిపట్టించును. నాలుగు చక్రములకు నూనె బ్రేకు గల మోటారుబండి 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గువారి కర్మాగారమునుండి వెలువడినది. నూఱేండ్లు దాటినను సూత్రము మాఱలేదు.

ఒక లెక్క చూడుడు. మీరు పాదముతో 20 కిలోల బలము వేసితిరనుకొనుడు. పెడలు ఒక మీటవంటిది. అది ఆ బలమును అయిదురెట్లు చేయుననుకొన్నచో మాస్టరు సిలిండరుపై 100 కిలోలు పడును. దాని ముషలకము వైశాల్యము 5 చదరపు సెంటీమీటర్లయినచో నూనెలో చదరపు సెంటీమీటరునకు 20 కిలోల యొత్తిడి పుట్టును. చక్రమునొద్ద ముషలకము వైశాల్యము 20 చదరపు సెంటీమీటర్లయినచో అక్కడ 400 కిలోల బలము కలుగును. పాదమునందలి 20 కిలోలు చక్రమునొద్ద 400 అయినవి. ఇక గండము వచ్చినపుడు మనుష్యుడు శక్తికొలది త్రొక్కును. అప్పుడు గొట్టములలోని యొత్తిడి చదరపు సెంటీమీటరునకు 70 కిలోలను గూడ మించవచ్చును. అది జీపు టైరులోని గాలి యొత్తిడికి ఇంచుమించు ముప్పదిరెట్లు. ఆ బలమంతయు మోయునది మీ చిటికెనవ్రేలికంటె సన్నని గొట్టము. ప్రాణములు నిలుపునది అదియే.

కాలువలోనుండి బండిని లాగించిన పిమ్మట దాని అడుగున పండుకొని చూచితిని. వెనుకచక్రములకు పోవు గొట్టము రాగిది. శీతల యంత్రములకు వాడు సాధారణపు రాగిగొట్టము. దానిని తీగతో చట్రమునకు కట్టియుంచిరి. తీగ సడలి గొట్టము కమాను పట్టీకి ఒరసికొనుచుండెను. రాగి మెత్తనిదని, సులభముగా వంగునని దానిని వాడుదురు. కాని రాగి అదురు తగిలినకొలది గట్టిపడి పెళుసగును. కంచరివాడు రాగిని కొట్టుచు మధ్య మధ్య కాల్చి మెత్తపఱచుట మీరెఱిగినదే. కాల్చక కొట్టినచో అది చిట్లును. బండి అదురుట కొట్టుటవంటిదే. నా గొట్టము ఒరసికొని పలుచనై, అదిరి పెళుసై, సరిగా వాలులో నేను గట్టిగా త్రొక్కిన క్షణమున చిట్లినది. ఆ షెడ్డువారు చేసినది తప్పే. కాని వంగి చూడక డబ్బిచ్చి బండి తెచ్చుకొన్న నా తప్పు అంతకంటె తక్కువది కాదు.

ఇప్పుడు ఆ వృద్ధుని ప్రశ్నకు వత్తును. పాత జీపునకు మాస్టరు సిలిండరులో గది యొక్కటే. దానినుండి నాలుగు చక్రములకు పోవు నూనె యొక్కటే. ఎక్కడ కన్నము పడినను నాలుగు బ్రేకులును ఒక్కసారిగా పోవును. ఒక్క పగ్గమనగా ఇదియే. జంట మాస్టరు సిలిండరులో ముషలకములు రెండు, గదులు రెండు, నూనె దారులు రెండు. ముందుచక్రముల కొకటి, వెనుకచక్రముల కొకటి. ఒకటి తెగినను రెండవది నిలుచును. పెడలు మామూలుకంటె లోతుగా పోవును, బండి మామూలుకంటె దూరము సాగి ఆగును, కాని ఆగును. అమెరికాలో కార్ల కన్నిటికిని ఇట్టి రెండుదారుల బ్రేకు ఉండి తీరవలెనని 1968 నుండి చట్టము కలదు. ఆ పగ్గము తెగిన నాడు నా బండికి రెండవది లేకపోయెను.

కావున గొట్టము తెగినచోట అతుకువేయక, మొత్తము వ్యవస్థను తీసి క్రొత్తగా వేయ నిశ్చయించితిని. ఈ పని తెలిసిన యొక వృద్ధ మేస్త్రి సహాయముతో, ఆయన చెప్పినట్లు చేయుచు నేర్చుకొంటిని. ఆ క్రమమును చెప్పెదను.

మొదటిది, మాస్టరు సిలిండరు కొలత. జంటది గదా యని ఏదో యొకటి తెచ్చి బిగింపరాదు. డిస్కు బ్రేకునకు పెద్ద ముషలకము లుండును; అవి యెక్కువ నూనె త్రాగును. మాస్టరు సిలిండరు చిన్నదైనచో పెడలు నేలదాక పోయిననుగాని కట్టలు పట్టవు. మిక్కిలి పెద్దదైనచో పెడలు రాయివలె గట్టిపడి, ఎంత త్రొక్కినను బలము చాలదు. ఇందాకటి లెక్కలో 5 చదరపు సెంటీమీటర్ల ముషలకము ఒక సెంటీమీటరు జరిగినచో, 20 చదరపు సెంటీమీటర్ల ముషలకము పావు సెంటీమీటరు మాత్రమే జరుగును. బలము పెంచుకొన్నకొలది కదలిక తగ్గును. ఏతమునందును ఇదే న్యాయము. రెంటికిని సరిపోవు కొలతను లెక్కగట్టి యెన్నుకొనవలెను.

రెండవది, నిలువయొత్తిడి కవాటము. ఇది చాలమంది యెఱుగని విషయము. డ్రమ్ము బ్రేకులకు చేసిన పాత మాస్టరు సిలిండరులో ఒక చిన్న కవాటము కలదు. పాదము తీసిన తరువాతగూడ అది గొట్టములలో చదరపు సెంటీమీటరునకు సుమారు 0.7 కిలోల యొత్తిడిని నిలిపియుంచి, చక్రములయొద్ద రబ్బరు గిన్నెలు ముడుచుకొని గాలి పీల్చకుండ కాపాడును. డ్రమ్మునకు అది మేలు, డిస్కునకు కీడు. డిస్కు కట్టలకు వెనుకకు లాగు స్ప్రింగులు లేవు గనుక, ఆ కొద్ది యొత్తిడికే అవి ఒరసికొనుచుండి కాగిపోవును. నా ముందుచక్రములు ఊరక వేడెక్కుటకు ఇదియే కారణమని తరువాత తెలిసినది. అయితే పాత జీపులలో మాస్టరు సిలిండరు నేలపలక క్రింద, చక్రముల ముషలకములకంటె పల్లమున నుండుటచేత, నూనె మెల్లగా వెనుకకు జాఱును. అందుచేత డిస్కుల దారిలో 0.14 కిలోల స్వల్పపు కవాటమును, డ్రమ్ముల దారిలో 0.7 కిలోల కవాటమును వేఱువేఱుగా నుంచితిమి.

మూడవది, ముందువెనుకల పాళ్లు. బండి ఆగునపుడు బరువు ముందునకు తూగును; వాలులో మఱింత తూగును. అప్పుడు వెనుకచక్రములు తేలికపడును. అవి ముందుచక్రములకంటె ముందే బిగిసి జాఱినచో బండి తోక త్రిప్పును. కనుమదారిలో తోక త్రిప్పిన బండి యెక్కడికి పోవునో మీకు తెలియును. కావున వెనుకదారిలో ఒత్తిడిని తగ్గించు కవాటమొకటి వేసి, ఖాళీ మైదానమున పరీక్షించి, ముందుచక్రములే ముందుగా పట్టునట్లు సరిచేసితిమి.

నాలుగవది, గొట్టము. బ్రేకునకు ప్రత్యేకముగా చేసిన రెండుపొరల ఉక్కుగొట్టము వాడవలెను. దాని వెలుపలి కొలత సాధారణముగా 4.75 మిల్లీమీటర్లు. మన తేమనేలలో ఉక్కు త్రుప్పుపట్టుట దాని లోపము. రాగిలో సుమారు పదవ వంతు నికెలు కలిపిన మిశ్రలోహపు గొట్టము త్రుప్పుపట్టదు, అదురుకు ఓర్చును. స్వీడను దేశపు వోల్వోవారు 1970ల నుండి దానిని వాడుచున్నారు. గెడ్డలు దాటి బురదలో తిరుగు మన బండ్లకు అది మేలని దానినే వేయించితిని. పేరునకు రెంటను రాగి యున్నను, వట్టి రాగి వేఱు, ఈ మిశ్రలోహము వేఱు, పొరబడరాదు.

అయిదవది, అంచు మడచుట. గొట్టమును ఱంపముతో కోయరాదు. చుట్టును త్రిప్పి కోయు పనిముట్టుతో కోసి, రజను లేకుండ శుభ్రపఱచవలెను. తరువాత అంచును లోపలికి మడచి రెండుపొరలుగా విప్పవలెను. ఒంటిపొర అంచు ఈ యొత్తిడికి ఆగక చీలిపోవును. మడచుటలో రెండు సంప్రదాయములు కలవు: గరాటువలె విప్పునది యొకటి, బుడగవలె ఉబ్బించునది యొకటి. ఒకదాని నట్టు రెండవదానికి పట్టినట్లే కనబడును గాని నిలువదు. మరలును అట్లే. అంగుళములో ఎనిమిదింట మూడు వంతుల మరకు, పది మిల్లీమీటర్ల మరకు కంటికి తేడా తెలియదు. బలవంతముగా బిగించినచో బిగియును, త్రొక్కినపుడు ఊడును. నూనె కారకుండ దారము, బంక, ప్లాస్టిక్కు పట్టీ చుట్టుట బ్రేకునందు పనికిరాదు. లోహము లోహమునకు అదుముకొనియే అతుకు నిలువవలెను. ఇంకొక మాట: అంచు మడచుటకు ముందే గొట్టమునకు నట్టు తొడుగవలెను. నేను రెండుసార్లు మఱచి, రెండు గొట్టములు పాడుచేసి మేస్త్రిచేత చీవాట్లు తింటిని.

ఆఱవది, గొట్టము నడుచు దారి. చట్రపు దూలము లోపలి ప్రక్కన, రాళ్లు తగులనిచోట, పొగగొట్టమునకు దూరముగా దానిని నడపవలెను. రెండు జానల కొక పట్టీ వేసి, పట్టీకిని గొట్టమునకును నడుమ రబ్బరు నుంచవలెను. కదలు భాగమును ఎచ్చటను తాకనీయరాదు. చట్రమునుండి చక్రమునకు పోవుచోట మాత్రము వంగు రబ్బరుగొట్టము వలయును. అది పాతబడినచో లోపల వాచి, నూనెను పోనిచ్చి రానీయక, చక్రమును పట్టియుంచును. పైకి మాత్రము చక్కగానే కనబడును. కావున వానినన్నిటిని మార్చితిమి. చక్రమును వ్రేలాడదీసి, చుక్కానిని కుడికి ఎడమకు పూర్తిగా త్రిప్పి, గొట్టము లాగబడుటలేదని, టైరును తాకుటలేదని చూచితిమి.

ఏడవది, నూనె. బ్రేకు నూనె యని పేరేగాని అది యంత్రపు నూనె కాదు. యంత్రపు నూనె గాని, కిరసనాయిలు గాని ఒక్క చెంచా పడినను లోపలి రబ్బరు ఉబ్బి చెడును. ఈ నూనెకు ఒక దుర్గుణము కలదు: అది గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 3 అను రకము క్రొత్తగా నున్నపుడు కనీసము 205 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు మరుగదు. తేమ పీల్చిన తరువాత 140 డిగ్రీలకే మరుగవచ్చును. డాట్ 4 క్రొత్తది 230, తేమ పీల్చినది 155. మంచుకు, ముసురుకు పేరుపడిన మన కొండలలో ఈ తేడా సామాన్యము కాదు. రెండేండ్ల కొకసారి మొత్తము మార్చవలెను. మూత తీసి చిరకాలముంచిన డబ్బాలోని నూనెను వాడరాదు.

ఎనిమిదవది, గాలి తీయుట. నూనె అణగదు, గాలి అణగును. గొట్టములో గాలిబుడగ యున్నచో మీ బలమంతయు దానిని అణచుటకే సరిపోవును. మాస్టరు సిలిండరునకు మిక్కిలి దూరమైన చక్రముతో, అనగా కుడివైపు కూర్చుండి నడుపు మన బండ్లలో వెనుక యెడమచక్రముతో మొదలుపెట్టి, క్రమముగా దగ్గఱకు రావలెను. ఒకరు పెడలు త్రొక్కి పట్టవలెను; ఒకరు చక్రమునొద్ద మర సడలించి, బుడగలతో నూనె వెలువడగానే మరల బిగింపవలెను; బిగించిన పిమ్మటనే పాదము తీయవలెను. నడుమ నూనెగిన్నె యెండిపోయినచో పని మొదటికి వచ్చును.

తరువాత పెడలును శక్తికొలది త్రొక్కి ఒక నిమిషము పట్టియుంచితిని, అది క్రుంగలేదు. ప్రతి యతుకును పొడికాగితముతో తుడిచి చెమ్మ లేదని చూచితిమి. పిమ్మట సమతలముపై మెల్లగా, తరువాత చిన్నవాలులో, చివరకు ఎవరిని ఎక్కించుకొనక కనుమలో నడిపి చూచితిమి. వారము దినములకు మరల అతుకులన్నియు చూచితిమి.

ఇంత చేసినను ఒక హద్దు కలదు. 2000 కిలోల బండి 500 మీటర్ల యెత్తునుండి దిగినచో, ఆ దిగుటలోని శక్తి యంతయు వేడియై తీరును. బ్రేకు ఒక్కటే దానిని భరించినచో, 30 లీటర్ల చన్నీటిని మరుగుదాక కాచునంత వేడి ఆ నాలుగు చక్రములయొద్ద పుట్టును. ఆ వేడికి తేమ పీల్చిన నూనె మరిగి ఆవిరియగును. ఆవిరి గాలివలె అణగును. అంతట గొట్టములు చెక్కుచెదరకున్నను పెడలు నేల కంటును. కావుననే డీజిలు మిగులునని న్యూట్రలులో బండి దించుట ఆత్మహత్యతో సమానము. ఏ గేరుతో ఎక్కితిమో ఆ గేరుతోనే దిగవలెను. అప్పుడు యంత్రమే బండిని వెనుకకు పట్టియుంచును; ఎద్దులు వాలులో కాడికి ఎదురొడ్డి బండిని ఆపునట్లు. పెడలు మెత్తబడినచో వెంటనే ఆపి, చల్లారువఱకు నిలుచుట మేలు. కాగిన డ్రమ్ముపై నీళ్లు పోసినచో పగులును.

చట్టమును గూర్చి ఒక మాట. 1988 నాటి మోటారువాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, నమోదు పత్రమందలి వివరములకు భిన్నముగా బండిని ఇష్టమువచ్చినట్లు మార్చరాదు. 2019లో సుప్రీముకోర్టు కూడ దీనిని గట్టిగా చెప్పినది. పాడైన గొట్టము తీసి మంచిది వేయుట మరమ్మతు. బండి పొడవును, యంత్రమును మార్చుట వేఱు. మార్పు చేయదలచువారు రవాణా కార్యాలయమున ముందుగా అడిగి తెలిసికొనవలెను. డోలీలో రోగిని దించి దారి చేర్చిన వెనుక మనకు దిక్కు ఈ బండ్లే గనుక, వీనిని మానుమని నేను చెప్పను. మంచిగా నుంచుమని చెప్పుచున్నాను.

పెద్దలారా, మీరు మరమ్మతు చేయనక్కఱలేదు. పెండ్లికి గాని సంతకు గాని బండి మాటాడునపుడు నాలుగు మాటలు అడుగుడు. పెడలు గట్టిగా త్రొక్కి ముప్పది లెక్కించువఱకు పట్టుమనుడు. అది క్రుంగినచో ఎక్కకుడు. చక్రముల లోపలిప్రక్క నూనెతడి యున్నదేమో చూడుడు. వాలులో చేతిబ్రేకుతో బండిని నిలిపి చూపుమనుడు. నూనె మార్చి ఎన్నాళ్లయినదని యడుగుడు. మఱియు పైకప్పుమీద ఎందఱు కూర్చుండవలెనో చోదకునికి వదలక మీరే నిర్ణయింపుడు. అక్కడ ఒక్కరును కూర్చుండకుండుటయే సరియైన నిర్ణయము. ఊరిపెద్ద అడిగినచో చోదకుడు వినును. పదియూళ్ల పెద్దలడిగినచో బండ్లన్నియు బాగుపడును.

చేయి విరిగిన యా వృద్ధుడు మఱుసటి యేడు నా బండి యొద్దకు వచ్చెను. ఎక్కుటకు ముందు చేతికఱ్ఱ ప్రక్కన పెట్టి, నేలమీద కూర్చుండి, అడుగున వంగి చూచెను. రెండు గొట్టములు వేఱువేఱుగా పోవుట వ్రేలితో చూపించితిని. ఆయన తలయూపి, లేచి, ముందు సీటులో కూర్చుండెను. అట్లు వంగి చూచుట ఎవరికిని తప్పు కాదు. దానిని అవమానముగా నెంచు చోదకుని బండి యెక్కకుడు.